వేలిముద్ర పడని అవ్వకి అమ్మ ఇచ్చిన బియ్యం తప్పా? ఆ నోట్‌బుక్ ఉంచాలా, తీసెయ్యాలా?

డీలర్_గారమ్మాయి:

మాది పాలమూరు వైపు ఒక ఊరు. నాన్న పోయాక రేషన్ షాపు అమ్మ పేరు మీదికి వచ్చింది. 412 కార్డులు. నేను డిగ్రీ అయిపోయి ఇంట్లోనే ఉన్నాను, నెల మొదట్లో మిషన్ దగ్గర కూర్చునేది నేనే.

మా ఊళ్ళో ఒక అవ్వ ఉంది. ఒంటరి మనిషి, అంత్యోదయ కార్డు, నెలకి 35 కిలోలు. వయసులో సున్నం బట్టీలో పనిచేసింది, తర్వాత కూలికి పత్తి ఏరింది. వేళ్ళ మీద గీతలు లేవు. ఉత్తమాట కాదు, నిజంగానే లేవు, పలక తుడిచినట్టు ఉంటాయి. పది వేళ్ళూ పెట్టిస్తాం, నూనె రాసి తుడిచి మళ్ళీ పెట్టిస్తాం, మిషన్ ఒప్పుకోదు. ఐరిస్ పెడదామంటే రెండు కళ్ళకీ శుక్లాలు. ఓటీపీ అంటే ఫోన్ లేదు. కొడుకు బొంబాయిలో సెంట్రింగ్ పని, కార్డు వేరు. ఆధార్ అప్‌డేట్‌కి మండలానికి రెండుసార్లు ఆటోలో తీసుకెళ్ళాను. అక్కడి మిషన్ కూడా ఆ వేళ్ళని తీసుకోలేదు.

అమ్మ ఏం చేసేదంటే, ఊళ్ళో సొంత వడ్లు పండించుకునే రెండిళ్ళు ఉన్నాయి. రేషన్ దొడ్డు బియ్యం వాళ్ళు తినరు. ఒక ఇంట్లో నలుగురు, ఒక ఇంట్లో ఇద్దరు, మనిషికి ఆరు కిలోలు. 24, 12 కలిపి 36. వాళ్ళు వేలు పెట్టి బియ్యం వదిలేసేవాళ్ళు, అమ్మ వాటిలో 35 అవ్వకి కొలిచేది. మిగిలిన కిలో గోనె తరుగుకి పోయేది. పైసా చేతులు మారలేదు. ఇది మూడేళ్ళు నడిచింది.

2025 ఏప్రిల్‌లో రేషన్‌లో సన్నబియ్యం వచ్చాయి. మంచిదే. కానీ ఆ రెండిళ్ళ వాళ్ళూ సంచులు పట్టుకుని వచ్చేశారు. వాళ్ళ హక్కు, తప్పు పట్టలేం. ఏప్రిల్, మే మా ఇంటి కార్డు బియ్యం 18 కిలోలు అవ్వకి ఇచ్చి, మిగతా 17 అమ్మ కొని పెట్టింది.

జూన్‌లో మూడు నెలల బియ్యం ఒకేసారి ఇవ్వమన్నారు. అంటే అవ్వకి 105 కిలోలు. ఎక్కణ్ణుంచి తేవాలి?

నాకు అప్పుడు తెలియదు. మొన్న నోట్‌బుక్ చూస్తే తెలిసింది. అమ్మ ప్రతి కార్డుకీ ఒక తూకంలో ఖాళీ డబ్బా బరువు తీసెయ్యకుండా తూచింది. డబ్బా పావుకిలో. 412 కార్డులు, 103 కిలోలు. తక్కువపడ్డ రెండు కిలోలు మా ఇంట్లోవి.

ఆమె ఇదంతా రాసి పెట్టింది! రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్. నెల, కిలోలు, ఎవరి వేలు మీద తీశారు, కింద అవ్వ వేలిముద్ర, స్టాంపు ప్యాడ్ సిరాతో. గీతలు లేని ఒక నల్లటి మచ్చ. జూన్ పేజీలో "డబ్బా 412" అని కూడా రాసింది.

వచ్చే వారం తనిఖీ ఉందని విన్నాం. నాకు ఒకటే టెన్షన్. నోట్‌బుక్ పొయ్యిలో పెట్టమని మామయ్య అంటున్నాడు. అమ్మ ఒప్పుకోవడం లేదు. అడిగితే "లెక్క లేకపోతే నాకూ దొంగకీ తేడా ఏముంది" అంటుంది.

రెండు ప్రశ్నలు. అమ్మ చేసింది తప్పా? నోట్‌బుక్ ఏం చెయ్యమంటారు? డీలర్లంతా దొంగలే అనేవాళ్ళు దయచేసి వేరే పోస్టు చూసుకోండి.

---

తూకంరాయి:

చెల్లీ, నేనూ డీలర్‌నే, వేరే జిల్లా. మీ మామయ్య చెప్పినట్టు చెయ్యి. ఈ రోజే.

గోదాం నుంచి వచ్చే బస్తాలోనే కిలో, కిలోన్నర తక్కువ ఉంటుంది. ఆ తరుగు ఎవరికీ చెప్పుకోలేం. ప్రతి డీలరూ ఎక్కడో ఒకచోట పూడ్చుకుంటాడు, అది లోకం మొత్తానికి తెలుసు. కానీ ఎవడూ కాగితం మీద రాసుకోడు. మీ అమ్మ తనమీద కేసు తానే రాసి పెట్టింది. నోట్‌బుక్ లేకపోతే స్టాక్ సరిపోతుంది, మిషన్ లెక్క సరిపోతుంది, ఎవరూ ఏమీ అనరు. ఉంటే ఆ రెండిళ్ళ వాళ్ళూ ఇరుక్కుంటారు.

ఇక తప్పా ఒప్పా అంటావా? ముసలామె తిన్నదా లేదా? తిన్నది. అయిపోయింది.

---

రిటైర్డ్_డీటీ:

సివిల్ సప్లైస్‌లో డిప్యూటీ తహసీల్దారుగా ఎన్‌ఫోర్స్‌మెంట్ చూసి రిటైరయ్యాను. నా మాట కటువుగా ఉంటుంది, ఏమనుకోకమ్మా.

నేను 6ఏ కేసు, అంటే సరుకు జప్తు కేసు, రాసిన ప్రతి డీలరు దగ్గరా ఒక అవ్వ ఉంది. వేలు పడని అవ్వ, కుంటి తాత, కార్డు లేని వితంతువు. "వాళ్ళకోసమే సార్" అనేవాళ్ళు. వాళ్ళు ఇచ్చిన చిరునామాకి వెళ్తే ఆ అవ్వ నిజంగానే ఉండేది, నెలకి ఐదు కిలోలు నిజంగానే ఇచ్చేవాళ్ళు. మిగతా ఇరవై క్వింటాళ్ళు రైసుమిల్లుకి పోయేవి. ఎదుటివాడి వేలు మీద బియ్యం తియ్యడం అనేది ఒకటే పని. మీ అమ్మ చేసినా అదే, పాలిష్ పట్టి మళ్ళీ గోదాముకే అమ్మేవాడు చేసినా అదే. మిషన్‌లో ఎంట్రీ చూస్తే రెంటికీ తేడా కనపడదు.

నిత్యావసర సరుకుల చట్టం 1955. సెక్షన్ 7 కింద ఏడేళ్ళ దాకా శిక్ష ఉంది. స్టాకు ఎక్కువ తేలినా కేసే, తక్కువ తేలినా కేసే.

మంచివాళ్ళు చట్టం తప్పితే దొంగలకి అది గొడుగు అవుతుంది. ఆ గొడుగు కిందే నా సర్వీసంతా చూశాను.

ఒక్క విషయం మాత్రం ఒప్పుకోవాలి. నా సర్వీసులో ఇలాంటి నోట్‌బుక్ రాసిన డీలర్ని నేను చూడలేదు. తూకంరాయి గారి సలహా వినకండి. తగలబెడితే మిగిలేది నేను పైన చెప్పిన డీలరే.

---

డీలర్_గారమ్మాయి:

సార్, నిజం చెప్పినందుకు థాంక్స్. ఒకటే అడుగుతాను. ఆ అవ్వకి ఏ దారిలో ఇవ్వాలో మీ ఆఫీసు వాళ్ళెవరైనా మాకు ఎప్పుడైనా చెప్పారా? అమ్మ మూడేళ్ళ కిందట అడిగింది. "మిషన్ ఒప్పుకోకపోతే మేమేం చేస్తాం" అన్నారు.

---

లా_మూడో_సంవత్సరం:

అక్కా, ఇక్కడ అందరూ చట్టం ఒకవైపు, అవ్వ ఒకవైపు అన్నట్టు మాట్లాడుతున్నారు. నిజానికి చట్టం అవ్వ వైపే ఉంది.

ఆహార భద్రత చట్టం 2013లో వచ్చింది. అంత్యోదయ కుటుంబానికి 35 కిలోలు హక్కు. వేలు పడితేనే హక్కు అని ఆ చట్టంలో లేదు. 2017లో జార్ఖండ్‌లోని సిమ్‌డేగా జిల్లాలో పదకొండేళ్ళ పిల్ల చనిపోయింది, గుర్తుందా? ఆధార్‌తో కలపలేదని వాళ్ళ రేషన్ కార్డు తీసేశారు. ఆకలితో పోయిందని తల్లి చెప్పింది, మలేరియా అని అధికారులు అన్నారు. ఆ గొడవ తర్వాత అక్టోబరు 24న కేంద్ర ఆహార శాఖ అన్ని రాష్ట్రాలకీ ఉత్తరం రాసింది. ఆధార్ లేదనో, వేలిముద్ర పడలేదనో ఎవరికీ రేషన్ ఆపొద్దు, అలాంటివాళ్ళకి ఇచ్చి వేరే రిజిస్టర్‌లో రాయండి అని.

అంటే మీ అమ్మగారు రాసిన నోట్‌బుక్ అసలు ఆఫీసు వాళ్ళు ఇచ్చి రాయించాల్సిన రిజిస్టర్. ఆమె తెలియకుండానే ఆ పని చేసింది. మీరు తగలబెట్టాలనుకుంటున్నది మీకున్న ఒకే ఒక సాక్ష్యాన్ని.

ఆహార భద్రత చట్టం సెక్షన్ 15 కింద జిల్లాలో ఫిర్యాదుల అధికారి ఉండాలి. ఆ పైన రాష్ట్ర ఆహార కమిషన్ ఉంది. రాసి ఇవ్వండి, రసీదు తీసుకోండి.

---

తూకంరాయి:

తమ్ముడూ, పుస్తకంలో బాగుంది. షాపులో చూసేది ఒకటే, మిషన్‌లో క్లోజింగ్ బ్యాలెన్స్. రిజిస్టర్‌లో 35 ఇచ్చాను అని రాస్తే మిషన్‌లో ఆ 35 స్టాకుగానే మిగిలి ఉంటాయి. వచ్చే నెల కోటాలో అవి కోసేసి పంపుతారు. నీ ఉత్తరం చూపిస్తే బియ్యం రావు.

---

రిటైర్డ్_డీటీ:

తూకంరాయి చెప్పింది నిజమే. అమ్మాయి అడిగినదానికి జవాబు కూడా అదే. చెప్పలేదమ్మా. మా దాకా కూడా ఆ ఉత్తరం ఒక కాపీగా వచ్చింది, పద్ధతిగా రాలేదు.

---

కౌనస్_నుంచి:

నేను లిథువేనియాలో చదువుకుంటున్నాను. ఈ నోట్‌బుక్ గురించి చదవగానే ఇక్కడి ఒక ఇల్లు గుర్తొచ్చింది. 1940లో కౌనస్‌లో జపాన్ కాన్సులేటు ఆ ఇంట్లో ఉండేది, ఇప్పుడు మ్యూజియం. చియునె సుగిహారా అక్కడ వైస్ కాన్సులు. పోలండ్ నుంచి పారిపోయి వచ్చిన యూదులు గేటు ముందు నిలబడ్డారు. షరతులు సరిపోనివాళ్ళకి వీసా ఇవ్వొద్దని టోక్యో నుంచి జవాబు. అయినా ఆయన ఆ వేసవిలో చేత్తో రాసి ఇస్తూనే పోయాడు.

చిత్రమేమిటంటే, మాట వినకుండా ఇచ్చిన వీసాలకి ఆయన జాబితా రాసి పెట్టాడు. 2139 పేర్లు. ఆ జాబితాని తర్వాత తన శాఖకే పంపాడు! 1947లో ఉద్యోగం పోయింది. ఇజ్రాయెల్ ఆయన్ని గౌరవించేసరికి 1980లు వచ్చేశాయి.

పోలిక పెద్దదే, తెలుసు. యుద్ధం వేరు, రేషన్ షాపు వేరు. కానీ దాచిపెట్టి చేసే పనికి లెక్క రాయడం అనే మొండితనం రెండుచోట్లా ఒకటే అనిపించింది.

---

పాత_బీట్_గార్డు:

అమ్మాయ్, నేను గోదావరి ఏజెన్సీలో ముప్పై ఏళ్ళు అడవిలో పనిచేశాను. టైపింగ్ మా మనవడు చేస్తున్నాడు, తప్పులుంటే వాడివి.

తొంభైల్లో సంగతి. అప్పటి అటవీ చట్టంలో వెదురు చెట్టు కిందే లెక్క. కొండరెడ్ల తెగ ఆడవాళ్ళు బుట్టలు, చేటలు అల్లుకోడానికి వెదురు కొట్టి నెత్తిమీద మోపు పెట్టుకొస్తే అది నేరం. పట్టుకుని కేసు రాయాలి, మోపు లాక్కోవాలి. కాగితపు మిల్లుకి మాత్రం లారీలకి లారీలు పర్మిట్ మీద పోయేవి. ఆ లారీలకి చెయ్యెత్తి, ఈ మోపుల్ని ఆపడం నావల్ల కాలేదు. చీకటిపడ్డాక వాళ్ళు వచ్చే దారిలో నేను ఉండేవాణ్ణి కాదు. అంతే చేసింది. పెద్ద త్యాగం ఏమీ కాదు.

మీ ఇంట్లో జరిగినదానికి దగ్గరది ఒకటి ఉంది, అందుకే రాయిస్తున్నాను. చెక్‌పోస్టు దగ్గర ఒక వాచరు ఉండేవాడు, రోజుకూలీ. రాత్రుళ్ళు ఎవరొచ్చారో రిజిస్టర్‌లో రాయడం అతని పని. "ఎవరూ రాలేదని రాయి" అని నేను చెప్పాను. రాశాడు. నేను చెబితే కాదనగలడా? ఒక రాత్రి పైనుంచి జీపు వచ్చింది. దారిలో మోపులు, రిజిస్టర్‌లో ఖాళీ. నాకు ఒక మెమో, ఒక ఇంక్రిమెంటు కోత. అతన్ని మర్నాటి నుంచి రావొద్దన్నారు. ఇటుక బట్టీకి పోయాడని విన్నాను. మళ్ళీ కనపడలేదు.

2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. అందులో వెదురు చిన్న తరహా అటవీ ఫలసాయం అయింది, ఏరుకునే హక్కు వాళ్ళదే అన్నారు. అడవి బిడ్డలకి చారిత్రకంగా అన్యాయం జరిగిందని ఆ చట్టం మొదట్లోనే రాశారు. అంటే నేను ఆపకుండా వదిలెయ్యడం సరైనదేనని చట్టమే ఒప్పుకున్నట్టు. కానీ వాచరు విషయంలో నన్ను ఏ చట్టం సరైనవాడనదు. అతనికి నేను చెప్పి ఒప్పించలేదు, చెప్పి చేయించాను. జాలిపడింది నేను, ఖరీదు కట్టింది అతను.

ఇప్పుడు మీ అమ్మగారి లెక్క చూడు. ఆ రెండిళ్ళ వాళ్ళ వేళ్ళు? వాళ్ళకి తెలుసు, తెలిసి ఇచ్చారు. నా మనసుకి అందులో తప్పు కనపడదు, డీటీ గారు ఏ సెక్షను చెప్పినా సరే. మీ ఇంటి 18 కిలోలు? అది మీది. జూన్‌లో డబ్బా పావుకిలో? ఆ 412 మందిలో కూలికి పోయేవాళ్ళెంతమంది, ఆ అవ్వలాంటివాళ్ళు ఇంకెంతమంది? పావుకిలో అంటే ఒక మనిషికి ఒక పూట కంటే ఎక్కువే. వాళ్ళని అడగలేదు. అడిగితే చాలామంది ఇచ్చేవాళ్ళేమో, నాకు తెలియదు, అడగలేదు కదా.

గాంధీగారు ఉప్పు పట్టుకునే ముందు, 1930 మార్చి 2న వైస్రాయికి ఉత్తరం రాసి మరీ బయలుదేరాడు. అలా చెప్పి చెయ్యాలని మాకు బళ్ళో చెప్పారు. నేను మా రేంజరుకి ఉత్తరం రాసి ఉంటే ఆ ఆడవాళ్ళ వెదురు మర్నాడే ఆగిపోయేది. కాబట్టి పైవాడికి చెప్పకపోవడాన్ని నేను తప్పనను. ఎవరి చేతుల్లోంచి తీసి ఇస్తున్నామో వాళ్ళకి చెప్పకపోవడం మాత్రం వేరే సంగతి.

నోట్‌బుక్ ఉంచండి. జూన్ పేజీతో సహా.

---

తూకంరాయి:

పెద్దాయన మాట బాగుంది. కానీ 412 మందికి చెబితే అందులో ఒకడు వీడియో తీసి వాట్సాప్‌లో పెడతాడు. అది కూడా ఆలోచించుకో చెల్లీ.

---

డీలర్_గారమ్మాయి:

పన్నెండు రోజులైంది, అప్‌డేట్ పెడుతున్నా.

బీట్ గార్డు తాతగారు రాసింది అమ్మకి రాత్రి చదివి వినిపించాను. వాచరు దగ్గరికి వచ్చేసరికి ఆపమంది. తర్వాత చాలాసేపు ఏం మాట్లాడలేదు. పొద్దున లేచి, డబ్బా మీద సున్నంతో "250" అని రాసి కాంటా పక్కన పెట్టింది.

సెప్టెంబరు బియ్యం ఇచ్చేటప్పుడు వచ్చిన ప్రతివాళ్ళకీ తనే చెప్పింది. "జూన్‌లో మీ పావుకిలో తగ్గించిన, అవ్వకి పోసిన. నా కమీషన్ పడంగనే ఇస్తా." నేను మిషన్ వెనక తల దించుకుని కూర్చున్నాను. ఎక్కువమంది నవ్వి పోయారు. కొందరు "మాకు ఎరుకే" అన్నారు, ఎట్లా ఎరుకో నాకు అర్థం కాలేదు. ఒకాయన మాత్రం చాలా గొడవ చేశాడు. పావుకిలో గురించి కాదు. "నన్ను అడిగితే ఇయ్యనా, నన్ను దొంగలెక్క చూసినవా" అని. ఆయన అన్నది అమ్మకి బాగా తగిలింది. మూడు ఇళ్ళ వాళ్ళు మాకు వెంటనే కావాలన్నారు, మా బియ్యంలోంచి ఇచ్చేశాం. తూకంరాయి అన్నా, నువ్వన్నట్టే వీడియో కూడా తీశారు. మా ఊరి గ్రూపులో ఉంది.

తనిఖీకి వచ్చినాయన దాకా వీడియో ముందే చేరింది. అమ్మ నోట్‌బుక్ తీసి టేబుల్ మీద పెట్టింది. ఆయన ఒక్కో పేజీ తిప్పి ఫోన్‌లో ఫోటోలు తీసుకున్నాడు. అవ్వ వేలిముద్రలున్న పేజీ దగ్గర ఆగి "ఇది ముద్రేనా" అని అడిగాడు. వేరే ఏం అనలేదు. షోకాజ్ నోటీసు ఇచ్చి వెళ్ళాడు. ఏడు రోజుల్లో జవాబు ఇవ్వాలి. షాపు ఉంటుందో పోతుందో తెలియదు.

సోమవారం ప్రజావాణికి అవ్వని తీసుకెళ్ళి, 2017 ఉత్తరం సంగతి రాసి అర్జీ పెట్టాం. రసీదు ఇచ్చారు. అక్కడే ఒకరు అవ్వ కళ్ళు చూసి ఉచిత ఆపరేషన్ క్యాంపుకి పేరు రాయించారు. శుక్లాలు తీస్తే ఐరిస్ పడొచ్చంటున్నారు. చూడాలి. అవ్వకి ఈ గొడవ ఏదీ పట్టలేదు, కలెక్టరాఫీసు క్యాంటీన్‌లో టీ బాగాలేదని దారంతా చెప్తూనే ఉంది.

ఈ నెల 35 కిలోలకి ఆ గొడవపడ్డాయన మొదట ఆరు కిలోలు పోశాడు. మిగతాది ఇంకో ఏడిళ్ళ వాళ్ళు. ఈసారి ఎవరి వేలూ అడగలేదు, వాళ్ళు తీసుకెళ్ళిన బియ్యంలోంచే ఇచ్చారు. నోట్‌బుక్‌లో అమ్మ ఆ ఎనిమిది పేర్లు రాస్తానంటే ఇద్దరు వద్దన్నారు. వాళ్ళ గీతలు ఖాళీగా వదిలింది.

లా తమ్ముడూ, నోటీసుకి జవాబు మేమే తెలుగులో రాసుకున్నాం. వేళ్ళు, జూన్ డబ్బా, అన్నీ ఉన్నాయి. ఆ రెండిళ్ళ వాళ్ళ పేర్లు రాయాలా వద్దా అన్నచోట ఆగాం. నోట్‌బుక్‌లో ఎలాగూ ఉన్నాయి, ఫోటోలూ పోయాయి. వాళ్ళని అడిగాం, ఒకరు రాయమన్నారు, ఒకరు ఇంకా ఏం చెప్పలేదు. డ్రాఫ్ట్ నీకు మెసేజ్‌లో పెడుతున్నా, రేపు సాయంత్రంలోగా చూసి చెప్పు.